ర్యాంకులొద్దు.. ఒక్క మ్యాచ్ పెట్టండన్నా!

ర్యాంకు అనగానే మీకేం గుర్తొస్తుంది? నాకైతే ఎంసెట్. నా ర్యాంకు తెలిసిన రోజు మా నాన్న ఊళ్లో ఎవరికీ ఎదురుపడకుండా పొలం గట్ల మీదుగా ఇంటికొచ్చాడు. చేదు జ్ఞాపకమే. కానీ అందులో గొడవేం లేదు. పరీక్ష రాశాం, మార్కులొచ్చాయి, ర్యాంకొచ్చింది. ఇంకెవర్ని అడుగుతాం?

అదే, రాసిన పరీక్షలన్నీ పాసయ్యాక ‘నీకు సీటు లేదు పో’ అంటే?

2023 డిసెంబర్ 3, ఆదివారం. రాత్రి పదిన్నర దాటింది. మెండోరలో మా డాబా మీద చలికి దుప్పట్లు కప్పుకుని సరిగ్గా ఈ ముచ్చట మీదే కొట్టుకున్నాం. వీడియో కాల్‌లో ఒకవైపు డాలస్ నుంచి మా బావ. ఇంకోవైపు ఒహాయోలోని కొలంబస్‌లో ఎమ్మెస్ చేస్తున్న మా చిన్నమ్మ కొడుకు. ఇటువైపు నేను, బోధన్ నుంచి వచ్చిన నా దోస్తు. లొల్లి దేని గురించో తెలుసా? అమెరికా కాలేజీ ఫుట్‌బాల్ గురించి!

మెండోర ఎక్కడో తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. శ్రీరాంసాగర్ ప్రాజెక్టు తెలుసు కదా, అదే పోచంపాడ్ డ్యామ్. అది మా మండలంలోనే ఉంది. పసుపు, మక్క, వరి మా పంటలు. గల్ఫ్‌కో అమెరికాకో పోయినవాళ్లు లేని వాడకట్టు మా దిక్కు కనిపించదు. పోయినవాళ్లు డబ్బులతో పాటు పిచ్చి కూడా పంపిస్తారు. మా బావ పంపిన పిచ్చి ఇది.

చేత్తో ఆడే ఫుట్‌బాల్

ముందు ఆట సంగతి. మనం ఫుట్‌బాల్ అనుకునేది ఇది కాదు. కోడిగుడ్డు ఆకారంలో ఉండే బంతిని చేత్తో పట్టుకుని ఉరుకుతారు, విసురుతారు. అడ్డమొచ్చినవాణ్ని గుద్ది పడేస్తారు. తలకు హెల్మెట్, భుజాలకు ప్యాడ్లు. చూస్తుంటే కబడ్డీకి, కుస్తీకి పుట్టిన బిడ్డలాగా ఉంటుంది.

ఆడేది కాలేజీ పిల్లలే. చూసేవాళ్లు మాత్రం లక్షల్లో. మిషిగన్ యూనివర్సిటీ స్టేడియంలో అధికారిక లెక్క ప్రకారమే 1,07,601 మంది పడతారు. ఒక కాలేజీ గ్రౌండ్‌కు అంతమంది! మన ఉప్పల్ స్టేడియం దాని ముందు చిన్నబోతుంది.

మరి ర్యాంకుల పంచాయితీ ఎక్కడొచ్చింది? చిన్న లెక్కతో అర్థమైపోతుంది. పై స్థాయిలో 130కి పైగా జట్లున్నాయి. రెగ్యులర్ సీజన్‌లో ఒక్కో జట్టు ఆడేది 12 మ్యాచ్‌లే. అంటే అందరూ అందరితో ఆడటం జరిగే పని కాదు. ఐపీఎల్‌లాగా పాయింట్ల పట్టిక పెడదామంటే కుదరదు. ఒకడు బలమైన జట్లతో ఆడి రెండు ఓడిపోతాడు. ఇంకొకడు బలహీనుల మీద అన్నీ గెలుస్తాడు. ఇద్దరిలో ఎవడు గొప్ప?

ఆ ప్రశ్నకు చాలా ఏళ్లపాటు జవాబు చెప్పింది ఓట్లే. 1936 నుంచి అసోసియేటెడ్ ప్రెస్ కోసం పత్రికల విలేకరులు వారం వారం ఓట్లేసి ర్యాంకులిస్తున్నారు. అంటే జాతీయ చాంపియన్ ఎవరో గ్రౌండ్‌లో కాదు, పేపర్ మీద తేలేది. 1998 సీజన్ నుంచి ఓట్లకు కంప్యూటర్ లెక్కలు కలిపి, మొదటి రెండు జట్లకు ఫైనల్ పెట్టారు. 2004లో ఆబర్న్ అనే జట్టు 13కు 13 గెలిచింది. అయినా ఫైనల్ ఆడలేదు. అప్పటికే ఓటమి ఎరగని జట్లు ఇంకో రెండు దాని కన్నా పై ర్యాంకులో ఉన్నాయి మరి. 2014 సీజన్ నుంచి నాలుగు జట్లకు ప్లేఆఫ్ వచ్చింది. ఆ నలుగురూ ఎవరో తేల్చడానికి 13 మందితో ఒక కమిటీ కూర్చునేది.

మేం కొట్టుకున్న రాత్రి ఆ కమిటీ జాబితా వచ్చింది.

పదమూడు గెలిచినా బయటే

ఫ్లోరిడా స్టేట్ ఆ ఏడాది 13 మ్యాచ్‌లు ఆడి పదమూడూ గెలిచింది. తన కాన్ఫరెన్స్‌లో చాంపియన్ కూడా. అయినా నాలుగు జట్లలో దానికి చోటు దొరకలేదు. ఒక్కో మ్యాచ్ ఓడిన టెక్సస్, అలబామా లోపలికి వెళ్లాయి. కారణం? ఫ్లోరిడా స్టేట్ ప్రధాన ఆటగాడు, క్వార్టర్‌బ్యాక్ జోర్డన్ ట్రావిస్‌కు నవంబర్‌లో కాలు విరిగింది. అతను లేని జట్టు మునుపటి జట్టు కాదని కమిటీ అనుకుంది.

మా బావ ఆస్టిన్‌లో ఎమ్మెస్ చేశాడు. టెక్సస్ అంటే ప్రాణం. లోపలికి వెళ్లింది తన జట్టే కాబట్టి కమిటీ ఆయనకు ధర్మదేవతలాగా కనిపించింది.

“అరేయ్, మేం అలబామాను వాళ్లింటికి పోయి కొట్టినం. సెప్టెంబర్‌ల, 34-24. గా అలబామా నిన్న జార్జియాను కొట్టింది. ఇగ మమ్మల్ని ఎట్ల ఆపుతర్రా?”

“మిమ్మల్ని ఆపమంటలేను బావా. ఒక్కటి గూడ ఓడని టీమును ఎట్ల పక్కన పెడ్తరు? గంతే అడుగుతున్న.”

“క్వార్టర్‌బ్యాక్ లేడు కదరా! ధోనీ, రైనా ఇద్దరు లేని చెన్నై లెక్క.”

“అయితే ఓడిపోతరేమో. ఓడిపోనియ్. ముందు ఆడనియ్ గద!”

ఇక్కడ బోధన్ దోస్తు ఎంటరయ్యాడు. వాడికి ఆ ఆటలో ఓనమాలు తెలియవు, కానీ వాదన ఆగదు. “అన్నా, గిది మా షుగర్ ఫ్యాక్టరీ లెక్కనే ఉన్నది. చెరుకు మేం పండిస్తం, గేటు తాళం ఇంకెవని చేతులనో ఉంటది” అన్నాడు. 2015లో మూతపడిన ఫ్యాక్టరీ తాలూకు బాధ బోధన్‌వాళ్ల ప్రతి ఉపమానంలోకీ వస్తుంది. ఏం చేస్తాం.

కథ అక్కడితో అయిపోలేదు. తర్వాత ఫ్లోరిడా స్టేట్ ఆరెంజ్ బౌల్‌లో జార్జియాతో ఆడి 63-3తో చిత్తుగా ఓడింది. బావ పొద్దున్నే ఫోన్ చేశాడు. “చూసినవా? కమిటీ కరెక్టే!” నేనూ తగ్గలేదు. మనసు విరిగి చాలామంది ఆటగాళ్లు ఆ మ్యాచ్‌కే దిగలేదు. అది ఆ జట్టు ఓటమి ఎట్లవుతుంది? బావ నమ్మలేదు. నేను ఒప్పుకోలేదు. ఆ మాటకొస్తే ఆ వాదన ఇప్పటికీ తెగలేదు. ఎప్పటికీ తెగదు కూడా. ఆడని మ్యాచ్‌కు స్కోరు ఉండదు కదా.

అప్పుడే నాకొక విషయం వెలిగింది. మనిషి ఓటమిని మరిచిపోతాడు కానీ, ఆడనివ్వని మ్యాచ్‌ను మరిచిపోడు.

నాలుగో స్థానంలో ఉన్నోడు చాంపియనా?

2024 సీజన్‌కు అమెరికాలో ప్లేఆఫ్‌ను నాలుగు నుంచి 12 జట్లకు పెంచారు. ఆ సీజన్‌లో ర్యాంకులో పైనున్న ఐదుగురు కాన్ఫరెన్స్ చాంపియన్లకు చోటు ఖాయమైంది, మిగతా ఏడింటిని కమిటీ ఎంపిక చేసింది. నాలుగు జట్లకు తొలి రౌండ్‌లో బై. వాళ్లు నేరుగా క్వార్టర్ ఫైనల్ ఆడతారు.

అభిమానులు రెండు ముక్కలయ్యారు. ‘ఇంతమందిని పిలిస్తే సీజన్‌కు విలువేముంది? ఎనిమిదో ర్యాంకోడు చాంపియన్ అయిపోతాడు’ అని ఒక వర్గం. ‘అయితే తప్పేంటి?’ అని ఇంకో వర్గం.

ఇందులో తెలుగువాళ్లం అనుభవజ్ఞులం. గుర్తు చేసుకోండి. 2008 ఐపీఎల్‌లో డెక్కన్ చార్జర్స్ పట్టికలో అట్టడుగున ఉంది. 2009లో నాలుగో స్థానంతో ఎట్లనో సెమీస్‌కు చేరింది. గిల్‌క్రిస్ట్ పూనకమొచ్చినట్టు ఆడితే ఢిల్లీ ఇంటికి పోయింది. ఫైనల్‌లో బెంగళూరును 6 పరుగులతో ఓడించి కప్పు తెచ్చింది. 2016లో సన్‌రైజర్స్ మూడో స్థానంలో ఉండి, ఎలిమినేటర్ నుంచి మొదలుపెట్టి ఫైనల్ దాకా వరసగా మూడు నాకౌట్లు గెలిచింది. ‘మొదటి ఇద్దరికే ఫైనల్’ అనే పాత అమెరికా పద్ధతి ఐపీఎల్‌లో ఉంటే మనకు ఆ రెండు కప్పులూ లేవు.

మా బోధన్ దోస్తుకు అసలు ఫుట్‌బాల్ అంటే పిచ్చి. కాలితో ఆడేది. వాడి ఉదాహరణ ఇంకోటి. 2021-22 ఐఎస్ఎల్‌లో జంషెడ్‌పూర్ 43 పాయింట్లతో పట్టికలో మొదటిది. హైదరాబాద్ ఎఫ్‌సీ 38తో రెండోది. ప్లేఆఫ్స్‌లో జంషెడ్‌పూర్ సెమీస్‌లోనే ఆగిపోయింది. ఫైనల్‌లో హైదరాబాద్, కేరళ 1-1. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపేశాడు. కప్పు మనది. మరి ఆ ఏడాది అసలు చాంపియన్ ఎవరు? ఐదు పాయింట్లు ఎక్కువున్నవాడా, చివరి మ్యాచ్ గెలిచినవాడా? మా దోస్తు దగ్గర ఈ ప్రశ్న అడగొద్దు. చాయ్ చల్లారిపోతుంది.

2025లో ఆ క్లబ్ హైదరాబాద్ వదిలి ఢిల్లీకి వెళ్లిపోయింది. పేరూ మారింది. మా దోస్తు పసుపు జెర్సీ మాత్రం బీరువాలోనే ఉంది. “ఇగ ర్యాంకు లేదు, ప్లేఆఫ్ లేదు. కొట్లాడనీకి టీమే లేదు” అంటాడు. నవ్వుతూనే అంటాడు, కానీ ఆ నవ్వు చూడలేం.

అదే ఏడాది ఐ-లీగ్‌లో ఇంకో వింత. ఏప్రిల్‌లో చర్చిల్ బ్రదర్స్‌కు ట్రోఫీ ఇచ్చారు. కేసు స్విట్జర్లాండ్‌లోని క్రీడా న్యాయస్థానం దాకా పోయింది. జులైలో అక్కడి తీర్పుతో చాంపియన్ ఇంటర్ కాశీ అయింది. గ్రౌండ్‌లో తేలాల్సింది కోర్టులో తేలితే గెలిచినోడికీ సంబురం ఉండదు.

కోచ్‌కు యాభై ఒక్క రోజులు

ఇక కోచ్‌ల సంగతి. అమెరికాలో కాలేజీ కోచ్‌ను అభిమానులు దేవుణ్ని చేస్తారు, మర్నాడే దిష్టిబొమ్మ తగలబెడతారు. టెక్సస్ ఎ అండ్ ఎం 2023 నవంబర్‌లో జింబో ఫిషర్‌ను తీసేసింది. కాంట్రాక్టు ప్రకారం ఆయనకు ఇవ్వాల్సింది 7.5 కోట్ల డాలర్లకు పైనే. మన లెక్కలో 600 కోట్ల రూపాయలు దాటుతుంది. ఉద్యోగంలోంచి తీసేసినందుకు! ఇది విని మా నాన్న, “నన్ను గూడ ఎవరన్న గట్ల తీసేస్తే బాగుండు” అన్నాడు.

ఒహాయో స్టేట్ కోచ్ ర్యాన్ డే కథ ఇంకా మజా. 2024 నవంబర్ 30న సొంత గ్రౌండ్‌లో మిషిగన్ చేతిలో 13-10తో ఓడిపోయాడు. ఆ శత్రువు చేతిలో వరసగా నాలుగో ఓటమి. కొలంబస్ తమ్ముడు ఆ రోజు ఫోన్‌లో మాట్లాడలేక మాట్లాడాడు. “వీణ్ని పీకెయ్యాలన్నా. ఇయ్యాల్నే పీకెయ్యాలె.” నాలుగు జట్ల పద్ధతే ఉంటే ఆ సీజన్ అక్కడితో ఖతం అయ్యేది. కానీ 12 జట్ల ఏడాది కదా. ఎనిమిదో సీడ్‌గా లోపలికి వచ్చారు.

తర్వాత? టెనెసీని కొట్టారు. అంతవరకు ఒక్కటీ ఓడని ఒరెగన్ టాప్ సీడ్. అక్టోబర్‌లో తమను ఒక్క పాయింట్ తేడాతో ఓడించింది కూడా అదే. దాన్ని 41-21తో ఇంటికి పంపారు. సెమీస్‌లో మా బావ టెక్సస్‌ను 28-14తో. 2025 జనవరి 20న ఫైనల్‌లో నోటర్‌డామ్‌ను 34-23తో. పీకెయ్యమన్న రోజుకు, కప్పెత్తిన రోజుకు మధ్య 51 రోజులు. ఇంకో ముచ్చట చెప్పనా? ఆ ఏడాది బై దొరికిన నాలుగు జట్లూ తమ మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయాయి. ఒక్కటంటే ఒక్కటీ మిగల్లేదు.

‘గ్రూపులో ఓడిపోయినోడి మీద ఫైనల్‌లో గెలవడం’ మనకు కొత్తేం కాదు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడింది. కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులుగా పనిచేసిన మనిషి. 1950ల్లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు వరసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిపెట్టిన కోచ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ను నాలుగో స్థానానికి చేర్చిన కోచ్. జకార్తా నాటికి ఆయనకు క్యాన్సర్.

ఆ టోర్నీలో డిఫెండర్ జర్నైల్ సింగ్‌కు తల పగిలి కుట్లు పడ్డాయి. రహీం అతన్ని కూర్చోబెట్టలేదు. తీసుకెళ్లి ముందు వరసలో ఫార్వర్డ్‌గా పెట్టాడు. సెమీస్‌లో గోల్ కొట్టాడు. సెప్టెంబర్ 4న ఫైనల్‌లో మళ్లీ దక్షిణ కొరియా. పి.కె.బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. 2-1తో స్వర్ణం. మరుసటి ఏడాది జూన్‌లో రహీం చనిపోయారు. ‘మైదాన్’ సినిమా చూసినవాళ్లకు ఈ కథ తెలుసు.

అప్పట్లో ఫిఫా ర్యాంకులే లేవు. తర్వాత వచ్చాయి. 1996 ఫిబ్రవరిలో మన 94వ ర్యాంకే ఇప్పటికీ అత్యుత్తమం. 2025 నవంబర్‌లో 142కు జారాం. అంటే ర్యాంకు లేని రోజుల్లో స్వర్ణం తెచ్చుకున్నాం, ర్యాంకులొచ్చాక వాటిని చూసుకుంటూ కూర్చున్నాం.

మా జిల్లా అమ్మాయి అడిగిందీ ఇదే

ఇంత దూరం ఎందుకు? ఈ దేశంలో ‘ర్యాంకు కాదు, మ్యాచ్ పెట్టండి’ అని గట్టిగా అడిగింది మా నిజామాబాద్ అమ్మాయే. నిఖత్ జరీన్.

2019 సంగతి. గొడవ 51 కిలోల విభాగంలో. మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ చాంపియన్. ప్రపంచ పోటీలకు ట్రయల్ లేకుండానే ఆమెను పంపారు. ఒలింపిక్ క్వాలిఫయర్స్‌కూ అట్లనే పంపేలా ఉన్నారు. 23 ఏళ్ల నిఖత్ అక్టోబర్‌లో క్రీడల మంత్రికి లేఖ రాసింది. తనను పంపమని కాదు, ట్రయల్ పెట్టమని. ‘ఎవరీ అమ్మాయి?’ అన్నవాళ్లున్నారు. డిసెంబర్ 28న ఢిల్లీలో ట్రయల్ పెట్టారు.

నిఖత్ 9-1తో ఓడిపోయింది.

ఇక్కడే ఆగి ఆలోచించండి. మా బావ లెక్కన అయితే ‘చూసినవా, కమిటీ కరెక్టే’. నా లెక్కన కాదు. ఆ ట్రయల్‌తో మేరీ కోమ్ ఒలింపిక్స్ బెర్తుకు ఎవరూ వేలెత్తి చూపలేకుండా పోయింది. నిఖత్‌కు తను ఎంత దూరంలో ఉందో తెలిసింది. 2022 మేలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది, ఫైనల్‌లో 5-0తో. 2023లో ఢిల్లీలో మళ్లీ.

డ్రా ఎంత ముఖ్యమో కూడా ఆమె కథే చెప్తుంది. 2024 పారిస్ ఒలింపిక్స్‌కు రెండుసార్ల ప్రపంచ చాంపియన్ సీడింగ్ లేకుండా వెళ్లింది. రెండో మ్యాచ్‌లోనే టాప్ సీడ్, చైనాకు చెందిన వూ యు ఎదురైంది. ఓడి ఏడుస్తూ బయటికొచ్చింది. ఆ రోజు మా జిల్లాలో చాలా ఇళ్లల్లో టీవీలు ఆఫ్ అయిపోయాయి.

ఇంకో పేరు కూడా చెప్పాలి. గుగులోత్ సౌమ్య. మా జిల్లా తండా బిడ్డ. క్రొయేషియాలోని డైనమో జాగ్రెబ్‌కు ఆడి వచ్చింది. 2025లో దేశంలోనే ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్‌గా ఎంపికైంది. అదే ఏడాది జులైలో ఆమె ఉన్న భారత జట్టు ఆసియా కప్ క్వాలిఫయర్స్‌కు వెళ్లింది. ఆఖరి మ్యాచ్ థాయ్‌లాండ్‌తో, వాళ్ల దేశంలోనే. వాళ్ల ర్యాంకు 46, మనది 70. మనవాళ్లు 2-1తో గెలిచారు. ర్యాంకులు చూసి పంపితే థాయ్‌లాండే పోయేది. మ్యాచ్ పెట్టారు కాబట్టి మనం పోయాం.

తొమ్మిదో జట్టు

ఇంత ధర్మం మాట్లాడాను కదా. ఇప్పుడు నా బండారం చెప్తా.

ఒహాయో స్టేట్ ఆ ఫైనల్ ఆడటానికి వారం ముందు, 2025 సంక్రాంతికి మా దగ్గర వాలీబాల్ పోటీలు పెట్టాం. చుట్టుపక్కల ఊళ్ల జట్లు. జమా, ఖర్చు, డ్రా అన్నీ చూసేది మేం నలుగురం. కప్పుకు, భోజనాలకు బావ డాలస్ నుంచి డబ్బులు పంపాడు. నాకౌట్ పద్ధతి. ఎనిమిది జట్లయితే లెక్క సరిపోతుంది. అడిగినవి తొమ్మిది.

ఎవర్ని తీసేయాలి? మేం నలుగురం చాయ్ తాగుతూ ఐదు నిమిషాల్లో తేల్చేశాం. ఒక తండా జట్టుంది. నిరుడు మొదటి మ్యాచ్‌లోనే ఓడిపోయింది. వాళ్లకు జెర్సీలు కూడా లేవు. ‘గీ సారికి వద్దు, వచ్చే ఏడు సూద్దాం’ అని ఫోన్ చేసి చెప్పాం. ఎవరికీ తప్పనిపించలేదు. నాకు అసలే అనిపించలేదు.

పండుగ పొద్దున ఆరున్నరకు నెట్ కడుతున్నాం. ఆటోలో ఎనిమిదిమంది పిల్లలు దిగారు. వాళ్లే. కెప్టెన్‌కు ఇరవై ఏళ్లుంటాయేమో. గొడవ చేయలేదు. నా ముందుకొచ్చి, “అన్నా, కప్పు అడుగుతలేం. ఒక్క మ్యాచ్ పెట్టుండ్రి. ఎవ్వలతోనన్న సరే” అన్నాడు.

“డ్రా అయిపోయింది తమ్మీ” అన్నాను. అనేశాక నా మాట నాకే ఎక్కడో విన్నట్టు అనిపించింది. పదో తరగతిలో జోనల్ సెలక్షన్స్‌కు పోయినప్పుడు నాకూ ఇదే మాట చెప్పారు. నేను బూట్లు సంచిలోంచి తీయకముందే లిస్టు రాసేసి ఉంది. ఆ రోజు తిరిగొచ్చిన బస్సు కిటికీ సీటు కూడా నాకు గుర్తే.

పక్కకు పోయి బావకు ఫోన్ చేశాను. డబ్బులాయనవి కదా, అడగాలి. అక్కడ రాత్రి. నాలుగు రోజుల కిందే టెక్సస్ సెమీస్‌లో ఓడింది, ఇంకా ఆ కోపంలోనే ఉన్నాడు. మొత్తం విన్నాడు.

“రెండేండ్ల సంది ఫ్లోరిడా స్టేట్, ఫ్లోరిడా స్టేట్ అని నా పానం తిన్నవ్. ఇప్పుడు నువ్వేం జేసినవ్ రా?”

నేను మాట్లాడలేదు.

“గాళ్లు నాలుగు నుంచి పన్నెండు చేసిన్రు. నీకు ఎనిమిదికి తొమ్మిది చేయనీకి చాత కాదా?”

జీవితంలో మొదటిసారి మా బావతో ఏకీభవించాను.

కానీ ఎట్లా? ఎనిమిది జట్లలో ఏదో ఒకటి ముందొక మ్యాచ్ అదనంగా ఆడాలి. ఎవరూ ఒప్పుకోరు. అందరికీ తెలుసు మేం చేసిన తప్పు ఎవడి నెత్తిన పడుతుందోనని. చివరికి చిట్టీలు వేశాం. మా ఊరి జట్టు పేరే వచ్చింది. మావాళ్లు నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. కమిటీలో కూర్చున్నవాడికి దక్కే మర్యాద అదే మరి.

ఏడున్నరకు మొదలుపెట్టాం. మంచు ఇంకా విడవలేదు, బంతి తడిసి జారుతోంది. తండా పిల్లలు బనియన్లతోనే దిగారు. మొదటి సెట్ మావాళ్లు 25-19. రెండోది వాళ్లు 25-22. కెప్టెన్ పిల్లాడు ఎగిరి కొట్టిన స్మాష్ ఒకటి మావాడి చేతులు చీల్చుకుని పసుపు చేన్లో పడింది. చుట్టూ చూస్తున్నవాళ్లంతా మావాళ్లే, అయినా ఈల వేశారు. మూడో సెట్ 13-13 దాకా వచ్చింది. ఆ తర్వాత రెండు సర్వీసులు నెట్‌కు తగిలాయి. మావాళ్లు గెలిచారు.

తండా జట్టు ఓడింది. అంటే మా కమిటీ ర్యాంకు కరెక్టేనా? ఆ ప్రశ్న అక్కడ ఎవరూ అడగలేదు. అడిగే అవసరమే రాలేదు.

వాళ్లు వెంటనే వెళ్లిపోలేదు. సాయంత్రం ఫైనల్ దాకా ఉండి, మాతో పాటే తిని, స్కోరు బోర్డు దగ్గర నిలబడి పాయింట్లు కూడా రాశారు. వెళ్లేటప్పుడు కెప్టెన్ నా చెయ్యి పట్టుకుని, “ఇప్పుడు మంచిగున్నదన్నా. ఓడినమని తెల్సింది” అన్నాడు.

తర్వాతి వారం, మన టైమ్‌కు జనవరి 21 పొద్దున, ఒహాయో స్టేట్ కప్పెత్తింది. కొలంబస్ తమ్ముడు ఫోన్‌లో అరుస్తున్నాడు. ర్యాన్ డేను పీకెయ్యమన్న సంగతి వాడికి గుర్తు కూడా లేదు. బావ మాత్రం అప్పుడే కొత్త లొల్లి మొదలుపెట్టాడు. “పన్నెండు చాలవ్‌రా, పదహారు చెయ్యాలె.” బోధన్ దోస్తు వెంటనే, “ఇర్వై నాలుగు చెయ్యిండ్రి అన్నా, మా హైదరాబాద్‌ను గూడ తోలుకపోండ్రి” అన్నాడు.

ఎన్ని జట్లుండాలన్న దాని మీద మేం ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాం. నాకైతే ఆ అంకె మీద పెద్ద పట్టింపు లేదు. మీ ఊళ్లో ఈసారి ఆటలు పెడితే మాత్రం ఒక్క పని చేయండి. డ్రా రాసే కాగితం మీద చివర్లో ఒక గీత ఖాళీగా వదిలేయండి. పొద్దున్నే ఏ ఆటో దిగుతుందో చెప్పలేం.